కొత్తవలస దగ్గర గట్టిమేళం

అద్దం వెనకాల కూర్చున్న రికార్డిస్టు కుడిచెయ్యి పైకెత్తి చూపుడువేలు ఆడించాడు. ఇంకొక్క చుట్టు తిప్పి పాట ముగించమని దానర్థం. ఆషాఢమాసంలో ఒక ఆదివారం అది, మధ్యాహ్నం మూడు దాటింది. విజయనగరంలో ఒక మేడమీద, గోడలకు పాత పరుపులు కొట్టి చేసిన గదిలో ఆరుగురు వాయిస్తున్నారు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను. ట్రంపెట్ మాస్టారు సగం కళ్ళు మూసుకుని, ఆ పాటలోకెల్లా మెత్తటి చోటుకి వచ్చారు. అరవై దాటిన వయసులో ఆయన చేస్తున్న మొట్టమొదటి ఆల్బమ్‌కి అదే ఆఖరి పాట.

వేలు లేచిన మరుక్షణం గది దద్దరిల్లింది. తప్పెట, క్లారినెట్, గిలక్కాయలు, ట్రంపెట్ ఒక్కసారిగా గట్టిమేళం అందుకున్నాయి.

తాళి కట్టే వేళ పురోహితుడు సరిగ్గా ఇలాగే చెయ్యెత్తి వేలు ఊపుతాడు. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ పెళ్ళికూతురి చెవిన పడకూడదని మేళంవాళ్ళు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వాయిస్తారు. ఆ గదిలో నలుగురు పెళ్ళిబ్యాండు వాళ్ళే. దశాబ్దాల తరబడి ఆ వేలు చూసి వాయించినవాళ్ళు. రికార్డిస్టు కంగారుపడి లేచి నిలబడి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ముహూర్తం దాటకుండా ఇంకా గట్టిగా కానివ్వమని పెళ్ళిళ్ళలో పెద్దలు ఊపేదీ అలాగే. వీళ్ళు ఇంకా గట్టిగా కానిచ్చారు. చర్చిలో వాయించే కుర్రాళ్ళిద్దరు, ఒకడు కీబోర్డు, ఒకడు బేస్ గిటారు, చేతులు ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నిమిషం పైనే సాగి ఆగింది. మాస్టారు ట్రంపెట్ దించి, అరచేయి నోటి దగ్గర పెట్టుకున్నారు. చెయ్యి తీసి చూసుకుంటే అందులో పై వరస ముందు పన్ను ఉంది.

ఆ పన్ను సంగతి, ఆ పాట సంగతి అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

దినపత్రికలో విలేకరిగా చేరిన కొత్తలో విజయనగరంలో ఒక బ్యాండు షాపు మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద అద్దాల బీరువాలో ఎర్ర కోట్లు, జరీ అంచు టోపీలు, కొక్కేలకు వేలాడే బాకాలు. మధ్యాహ్నం రెండింటికి ఊరంతా కునుకు తీసేవేళ షాపులో సాధకం మొదలయ్యేది. నేను పైన కూర్చుని, కాలవలో పూడిక గురించో పట్టాదారు పుస్తకాల గురించో తెల్లకాగితాల మీద వార్తలు రాసుకునేవాణ్ణి. ఐదింటి బస్సు డ్రైవరు చేతికి కవరు అందించాలి. అందకపోతే మర్నాడు జిల్లా పేజీలో మా ఊరు ఉండదు. కింద సినిమా పాటలు, పైన నా కలం. రెండూ ఒకదానికొకటి అడ్డుపడకుండా అలవాటైపోయాయి.

ఒకరోజు కింద నుంచి సినిమా పాట కానిదేదో వినిపించింది. ట్రంపెట్ ఒక్కటే. పక్కన ఎవరో రెండు కర్రలు తాటిస్తున్నారు. నడుస్తున్న మనిషి మూడడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి క్షణం ఆగి, మళ్ళీ రెండడుగులు వేసినట్టుగా ఉంది ఆ తాళం. రాస్తున్న వాక్యం మధ్యలో వదిలేసి కిందికి దిగాను.

అప్పటికి మాస్టారికి ముప్పయ్యేళ్ళుంటాయి. బనీనులో బల్లమీద కూర్చున్నారు. అదేం పాటని అడిగాను.

"రుంబా బాబూ. మా గార్డు దొర నేర్పినాడు."

గార్డు దొర కథ ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కొత్తగానే చెప్పేవారు. మాస్టారికి పందొమ్మిదేళ్ళప్పుడు కొత్తవలసలో రైల్వే ఉద్యోగి ఇంట పెళ్ళికి బ్యాండు వెళ్ళింది. ఊరేగింపు రైల్వే క్వార్టర్ల ముందు నుంచి పోతుంటే, లుంగీ మీద గార్డు కోటు తొడుక్కున్న ఆంగ్లో ఇండియన్ పెద్దాయన గేటు దగ్గరికొచ్చి, నువ్వు వాయిస్తున్న పాట నీది కాదన్నాడట. నాది కాదు దొరా, సినిమాలోది అన్నారట ఈయన. సినిమా వాళ్ళదీ కాదు, రేపొచ్చి కలువు అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెళితే గ్రామఫోను మీద ఒక రికార్డు పెట్టాడు. "నోరెళ్ళబెట్టీసినాను బాబూ," అనేవారు మాస్టారు. "మన సినిమా పాటే. ఎవలో తెలీని బాసలో పాడతన్నారు. మనకంటే బాగా పాడతన్నారు, అదీ బాధ."

క్యూబా అనే దేశం పేరు ఆయన వినడం అదే మొదటిసారి. గార్డు దొర కొత్తవలస నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ లైన్లో గూడ్సు బండ్ల మీద పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకు పియానో వాయించాడట. జాజ్, రుంబా, మాంబో, చాచాచా, అన్నీ ఆయన రేకు పెట్టెలో ఉండేవి. అప్పట్నుంచి మూఢాల్లో, ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజులన్నిటా ఈయన పాసింజరు ఎక్కి అలమండ, కంటకాపల్లి దాటి కొత్తవలస వెళ్ళేవారు. గురుదక్షిణ కింద భావనపాడు నుంచి వచ్చిన ఎండు మెత్తళ్ళ చేపలు కాగితంలో కట్టుకెళ్ళేవారు. మాస్టారి భార్యది భావనపాడు వైపు. ఆవిడ తమ్ముడే బ్యాండులో డ్రమ్ము. నేను మేడ దిగిన రోజున కర్రలు తాటిస్తున్నదీ ఆ బావమరిదే.

అవి కోలాటం కర్రలు. క్యూబా వాళ్ళు ఆ మూడు-రెండు దెబ్బల కోసం గట్టి చెక్క ముక్కలు రెండు వాడతారట. గార్డు దొర దగ్గరున్న జతని చెదలు తినేశాయి. అందుకని బావమరిది కోలాటం కర్రలు కోసి పొట్టివి చేశాడు. అతనికి సంగీతం రాయడం చదవడం రాదు. ఏ తాళమైనా కాళ్ళలోకి దిగితే తప్ప చేతికి రాదు. షాపు ముందు ఎండలో ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ ఈ తాళం నేర్చుకున్నాడు. మూడోరోజున ఆగి, అక్క మొగుడితో అన్నాడు:

"ఇది మన తప్పెటగుళ్ళోలు ఎగిరినట్టే ఉన్నాది బావా. కాకపోతే ఒక కాలు కుంటుతాది."

మాస్టారు ఆ మాట పట్టుకున్నారు. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు రేకు తప్పెట గుండెకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు. గార్డు దొర రికార్డుల్లో క్యూబా వాళ్ళు వాయించే డ్రమ్ముల చప్పుడుకి దగ్గరగా మన జిల్లాల్లో దొరికేది అదేనని ఆయనకి తోచింది. బావమరిది గుండెకి తప్పెట కట్టించారు. బ్యాండుల్లో రంగురంగుల గిలక్కాయలు పట్టుకుని ఊపేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, ఏమీ వాయించడం రానివాణ్ణి ఆ పనికి పెడతారు. అవీ ఆ దేశాల నుంచి వచ్చినవేనని మాస్టారు చెబితే, గిలక్కాయలాయన వారం రోజులు ఎవరితోనూ తిన్నగా మాట్లాడలేదు, అంత గర్వం వచ్చింది.

అలా షాపులో ఒక సంగీతం తయారైంది. దానికి పేరు లేదు. మాస్టారు జాజ్ అనేవారు, బావమరిది కుంటుడు మేళం అనేవాడు.

వినేవాళ్ళే లేరు. పెళ్ళివాళ్ళకి సినిమా పాటలు కావాలి. ఊరేగింపులో జనం అలిసి కాస్త సందు దొరికితే మాస్టారు ఒక రుంబా దూర్చేవారు. భావనపాడులో ఒక పెళ్ళికి నేనూ వెళ్ళాను. సముద్రపు గాలికి పెట్రోమాక్సు ఆరిపోతుందని పగలే ఊరేగించారు. ఇసకలో కాళ్ళు కూరుకుపోతుంటే మామూలు మార్చింగు పాటకు ఎవరూ నడవలేకపోయారు. మాస్టారు మాంబో అందుకున్నారు. గంపలు దించిన ఆడవాళ్ళు ముందు నవ్వారు, తరవాత ఆడారు. అది మరీ అంత కొత్త పాటగా వాళ్ళకి అనిపించలేదనుకుంటాను. వధువు మేనమామ మాస్టారి భుజం తట్టి, ఈ పాట ఏ సినిమాలోదో చెబితే టిక్కెట్టు కొంటానన్నాడు.

అన్నిచోట్లా అలా జరగలేదు. విజయనగరంలో ఒక వర్తకుల ఇంటి పెళ్ళిలో పెద్దాయన ఊరేగింపు ఆపించి, అందరి ముందూ, మంచి పాటలు రాకపోతే ఇంకో బ్యాండుని పిలుస్తామన్నాడు. కుంటుతున్న పాట శుభకార్యానికి పనికిరాదన్నాడు. మాస్టారు తలూపి అడిగిన పాట వాయించారు. ఆ మర్నాడు మధ్యాహ్నం షాపులో సాధకం లేదు. నేను దిగి వెళితే ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. చాలాసేపు తుడిచాక అన్నారు:

"కూకుని ఇనాల బాబూ. ఎవలూ నడవకూడదు, ఎవలూ బోయినం సెయ్యకూడదు. పెళ్ళి వాసన లేకుండా, ఉత్తినే కూకుని ఇనాల. ఒక్కపాలైనా."

ఆయన కోరిక అంతే. ముప్పయ్యేళ్ళపాటు అందులో ఒక్క ముక్క పెరగలేదు, తరగలేదు.

నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ శ్రీముఖలింగం దారిలోనో, టెక్కలి వైపో ఏ బ్యాండు ఎదురైనా ఆగి వినేవాణ్ణి. ఎక్కడా ఆ కుంటి నడక వినిపించలేదు. ఉద్యోగం ముగించుకుని విజయనగరం తిరిగొచ్చేసరికి నేనున్న మేడ సెల్‌ఫోన్ల కొట్టుకి గోదాము అయింది. బ్యాండు షాపు వెనకవైపు చిన్నగదిలోకి జరిగింది. పెళ్ళిళ్ళకి వ్యాన్ల మీద డీజే పెట్టెలు వస్తున్నాయి. ఊరేగింపుకి పదిహేనుమంది వెళ్ళిన బ్యాండులో ముహూర్తం వేళకి మాత్రం నలుగురు చాలంటున్నారు. అంటే, గట్టిమేళానికి. గార్డు దొర పోయాడు. ఆయన రికార్డుల పెట్టె మాస్టారి ఇంటికొచ్చింది గానీ, గ్రామఫోను రాలేదు.

మాస్టారు నన్ను చూసి నవ్వితే ముందుపళ్ళు రెండు కదులుతున్నాయి. చేత్తో కాదు, నవ్వుకే.

ట్రంపెట్ ఊదడం పళ్ళ మీద ఆధారపడిన పని. పెదాలు ట్రంపెట్ మూతికుండే ఇత్తడి గిన్నెకి ఆన్చినప్పుడు వెనకనుంచి ఆపేవి ముందుపళ్ళే. పళ్ళ డాక్టరు రెండూ తీసెయ్యాలన్నాడు. కట్టుడుపళ్ళు పెడతాను, తినడానికి ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. మరి ఊదడానికి, అని అడిగారు మాస్టారు. డాక్టరు నిజాయితీపరుడు. అది నాకు తెలీదండి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు అన్నాడు. శ్రావణమాసం వరకు గడువిచ్చాడు.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే, పాటలు రికార్డు చెయ్యడానికి ఎవరైనా తెలుసా అని అడిగారు. పళ్ళుండగానే అన్నారు. ఊళ్ళో భక్తిపాటలు, జానపదాలు రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టే రికార్డిస్టు ఒకతని గురించి నేను లోగడ ఆదివారం అనుబంధంలో రాశాను. తీసుకెళ్ళాను. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి, ఓపికగలవాడు. మాస్టారు ఊదుతుంటే విని, సెల్‌ఫోన్ కట్టేసి, మళ్ళీ మొదటినుంచి ఊదమన్నాడు.

ఏడు పాటలు అనుకున్నారు. వాటికి పేర్లు పెట్టాల్సి వస్తే మాస్టారు కిరండూల్ లైన్లో స్టేషన్ల పేర్లు పెట్టారు. గార్డు దొర డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారి. అరకు, బొర్రా గుహలు, త్యాడ, శివలింగపురం, బొడ్డవర, శృంగవరపుకోట, చివరికి కొత్తవలస. మొదటి ఆరింటిలో గార్డు దొర నేర్పిన పోకడలున్నాయి. కొత్తవలస మాత్రం పూర్తిగా మాస్టారిది. రుంబాగా మొదలై, నడుమ తప్పెటతో కలిసి, చివర్లో ట్రంపెట్ ఒక్కటే మిగిలి, బండి ఆగాక ఇంజను ఊపిరి వదిలినట్టు మెల్లగా ముగుస్తుంది. ఆ ముగింపు కోసమే మిగతా పాటలన్నీ అని ఆయన అనేవారు.

ఆషాఢంలో ఆదివారం పెట్టుకున్నాం. బ్యాండువాళ్ళకి తీరికుండేది ఆ నెలలోనే. పొద్దున్న తొమ్మిదింటికి మాస్టారు కొత్త చొక్కా తొడుక్కుని, ఎర్ర కోటు తీసుకురావద్దని అందరికీ చెప్పి మరీ వచ్చారు. ఒంటిగంటకల్లా ఆరు పాటలయ్యాయి. మాస్టారి భార్య పులిహోర, పెరుగన్నం పంపింది. అందరూ తిన్నారు, ఆయన మజ్జిగ మాత్రం తాగారు. ఏడో పాట ముందు, కళ్ళు మూసుకుని వాయిస్తాం కదా, సమయం దగ్గర పడిందని ఎలా తెలుస్తుందని మాస్టారు అడిగారు. నేను చెయ్యెత్తుతాను చూడండి అన్నాడు రికార్డిస్టు. సరేనన్నారు. జిల్లా పేజీ కోసం ఎన్ని వందల పెళ్ళిళ్ళకి వెళ్ళానో నేను. ఆ మాట విన్నప్పుడు నాకూ ఏమీ తట్టలేదు.

తరవాత జరిగింది మొదటే చెప్పాను.

పన్ను రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, మాస్టారు రికార్డిస్టు వైపు తిరిగి, తీసీమన్నారు. ఆ నిమిషం ముక్క తీసేస్తే చాలన్నారు. రికార్డిస్టు తల అడ్డంగా ఊపాడు. అందరూ ఒకే గదిలో వాయించారు, ఎవరి మైకులో చూసినా మిగతావాళ్ళ చప్పుడు ఉంది. తీస్తే ముగింపే పోతుంది. కావాలంటే అక్కణ్ణుంచి చప్పుడు మెల్లగా తగ్గించేస్తానన్నాడు. కొత్తవలస రాకుండా కంటకాపల్లిలో దింపేసినట్టుంటుంది, వద్దన్నారు మాస్టారు. నోరు కడుక్కుని వచ్చి, ట్రంపెట్ పెదాలకి ఆన్చుకున్నారు. గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించారు. మళ్ళీ గాలే వచ్చింది. కీబోర్డు అతను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు ఆయన బావమరిది మీద విరుచుకుపడ్డారు.

"ఒరే, ఇక్కడ పెళ్ళికూతురున్నాదేట్రా? తాళున్నాదేట్రా? ఏటి సూసి వాయించినావు?"

"సెయ్యెత్తినాడు బావా. సెయ్యెత్తితే నానేటి సెయ్యాల?"

"నోరు ముయ్యి."

"పొద్దున్నుంచి కొత్త సొక్కా ఏసుకుని పెళ్ళికొడుకునాగ నువ్వున్నావు కదేటి. నానేటనుకోవాల?"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి అందరికంటే ముందు నవ్వేది మాస్టారే. ఆ రోజు నవ్వలేదు. కుంటుడు మేళమని నువ్వు పేరు పెట్టినప్పుడే నాకు తెలిసి ఉండాల్సిందన్నారు. నీ చేతులు పెళ్ళిపందిరి దాటి రావన్నారు. బావమరిది తప్పెట తాళ్ళు విప్పుకుని, గోడకి ఆనించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శ్రావణంలో రెండో పన్ను కూడా తీశారు. ముహూర్తాలు మొదలయ్యాయి. ట్రంపెట్‌కి బొబ్బిలి నుంచి ఇంకెవరినో పిలిపించుకుని బావమరిదే బ్యాండు నడిపాడు. రోజూ షాపుకొచ్చి, బావ ఉన్నా లేనట్టే డ్రమ్ము తీసుకుని వెళ్ళేవాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. మాస్టారి భార్య ఒకరోజు నాతో, ఇద్దరూ తనకి అన్నం పెట్టించుకునేవాళ్ళే గానీ మాట వినేవాళ్ళు కారన్నది.

ఆల్బమ్ మాత్రం ఆగిపోయింది. ఆరు పాటలతో పెట్టెయ్యమని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు చేరని బండి ఏం బండి అన్నారు. ఏడో పాట పెట్టమంటే మొహం తిప్పుకున్నారు. జీవితమంతా ఆ పందిరి నుంచి బయటపడాలని చూసి, పడ్డరోజున దాన్ని వెంట తెచ్చుకున్నట్టయిందని ఆయన బాధ. వినేవాడెవడైనా ఆ చివరి నిమిషం వింటే చాలు, ఓహో, పెళ్ళిబ్యాండు వాళ్ళా, అనేస్తాడు. ఆ ఒక్కమాట పడకూడదనే ఇంత చేశారు.

కార్తీకమాసంలో రికార్డిస్టు ఫోన్ చేశాడు. ఏడో పాట ఒక్కో మైకూ విడదీసి విన్నానని, మాస్టారిని తీసుకురమ్మని. ఇద్దరం వెళ్ళాం. మాస్టారికి కొత్త పళ్ళు పెట్టారు. మాట్లాడుతుంటే వాటిని పరాయి మనుషుల్లా నోట్లో ఒక పక్కకి జరుపుకుంటున్నారు.

రికార్డిస్టు ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు. కంప్యూటర్ మీద ఒకదాని కింద ఒకటి గీతలున్నాయి. ఇది తప్పెట మైకు, ఇది క్లారినెట్, ఇది మీది అని చూపించాడు. గట్టిమేళం మొదలైన చోటు పెద్దది చేసి చూపించాడు. నిదానంగా సాగుతున్న గీతలన్నీ ఒక్కచోట కొండలా లేచాయి. అన్నీ సరిగ్గా ఒకేచోట లేవలేదు. ఒకటి మిగతావాటికంటే అంగుళం ముందు లేచింది.

"ముందు అందుకున్నది మీరేనండి," అన్నాడు రికార్డిస్టు. "మీ వెనకాల తప్పెట వచ్చింది."

మాస్టారు మళ్ళీ పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టించుకున్నారు. కళ్ళు సగం మూసుకుని ఉన్నాను కదా, ఎలా చూశానన్నారు. సగం తెరిచే ఉన్నాయి కదా, అనుకున్నాను నేను.

ఇంకొకటి కూడా వినమని, రికార్డిస్టు తప్పెట, ట్రంపెట్ రెండే ఉంచి ఆ నిమిషమంతా వినిపించాడు. నాకూ ఒక హెడ్‌ఫోన్ ఇచ్చాడు. గదిలో ఉన్నప్పుడు ఉత్త హోరుగా వినిపించింది ఇప్పుడు వేరుగా ఉంది. అంత హోరులోనూ వాళ్ళు మూడు-రెండు నడక వదల్లేదు. గట్టిమేళం కుంటుతోంది. దాని మీద ట్రంపెట్ ఒకే ఊపిరి పట్టుకుని, పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఆయన అంత పైకి ఊదగా నేనెప్పుడూ వినలేదు. ఇలాంటిది నేను మళ్ళీ రికార్డు చెయ్యలేను, మీ ఆల్బమ్ అంటే ఇదేనండి అన్నాడు రికార్డిస్టు. నాకూ అలాగే అనిపించింది. అయితే నాది విలేకరి చెవి, సంగీతం తెలిసిన చెవి కాదు.

మాస్టారు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టారు. ముందు లేచిన గీత మీద వేలు పెట్టారు.

"నానేనా," అన్నారు. ఎవరినీ అడగలేదు.

తిరిగొస్తూ కోట దగ్గర ఆటో దిగి, మొదటి ఆరూ పెట్టీమని చెప్పండి బాబూ, అని మాత్రం అన్నారు. మర్నాడు షాపుకి వెళ్ళి, డ్రమ్ము తీసుకోవడానికొచ్చిన బావమరిదిని టీ తాగుతావేట్రా అని అడిగారట. అతను తాగాడట. ఇన్ని నెలలూ ఏం జరగనట్టే ఇద్దరూ క్లారినెట్ రీడు గురించి వాదించుకున్నారని మాస్టారి భార్య చెప్పింది. ముందు అందుకున్నది తనేనని ఆయన చెప్పలేదు. అడిగేంత కోపం బావమరిదిలో మిగిలిందో లేదో నాకు తెలీదు. నేనూ నోరు విప్పలేదు.

ఆరు పాటలు ఇంటర్నెట్లో ఉన్నాయి. అరకు నుంచి శృంగవరపుకోట వరకు. విన్నవాళ్ళు మరీ ఎక్కువమంది లేరు. ఏ దేశం వాళ్ళో, వాళ్ళ భాషలో రెండు వాక్యాలు రాస్తే, రికార్డిస్టు దాన్ని తెలుగులోకి మార్చి మాస్టారికి చదివి వినిపించాడు. ఆ డ్రమ్ము ఏమిటి, ఎక్కడ దొరుకుతుందని అడిగారు వాళ్ళు. బావమరిది దానికి జవాబు చెప్పాడు, గానీ అందులో రాయదగ్గ ముక్క ఒక్కటే: గుండెకి కట్టుకోవాలని.

ఒక మధ్యాహ్నం మాస్టారి ఇంట్లో చాపమీద కూర్చుని మేం ఆరూ వరసగా విన్నాం. మాస్టారు, వాళ్ళావిడ, బావమరిది, నేను. ఎవరూ నడవలేదు, ఎవరూ భోజనం చెయ్యలేదు. శృంగవరపుకోట అయిపోయాక ఎవరూ లేవలేదు. ఇంకోటుండాల కదేటి, అన్నది ఆవిడ. మాస్టారు ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

కొత్త పళ్ళతో ఆయన రోజూ గంటసేపు ఊదుతున్నారు. కింది స్వరాలు వస్తున్నాయి. పైవి ఇంకా రావడం లేదు. వస్తాయో రావో డాక్టరు చెప్పలేనన్నాడు.

ఏడో పాట రికార్డిస్టు దగ్గరే ఉంది. నెలకోసారి అతను ఫోన్ చేసి ఏం చెయ్యమంటారని అడుగుతున్నాడు. తీసెయ్యమని మాస్టారు ఇంతవరకూ అనలేదు. పెట్టమనీ అనలేదు.